వెనక నిలబడ్డవాడు

హలో… ఆ, నేనేనమ్మా. తుపాకీ పరీక్షలు పెట్టే మేష్టార్నే. చెప్పండి.

…

గుర్తుపట్టకపోవడమేంటి. మీవాణ్ణి ఇంటికి తీసుకొచ్చిన రోజు నేనూ వచ్చాను కదా.

… పర్లేదమ్మా. ఆ రోజు మీకు ఎవరు గుర్తుంటారు.

…

మీవాడి జతగాడు, ఆ పొడుగోడు, మీ ఇంటికొచ్చాడా. హమ్మయ్య. పరీక్ష అయ్యాక ఎటు పోయాడో తెలీక ఇక్కడ అందరం వెతుకుతున్నాం… ఏమైనా తిన్నాడా?

… పాలు కాస్తున్నారా. సరే, ముందు అవైనా తాగించండి. వాడు పక్కనే ఉండి వింటున్నాడా? … మీరు వంటింట్లో ఉన్నారా. అయితే మంచిదే.

…

ఆ. ఫెయిల్ చేశాను. నేనే చేశాను.

— లేదమ్మా. నాకు వాడి మీద పగేముంటుంది. నా చేతి కింద నేర్చుకున్న వాళ్ళందర్లోకీ వాడే చెయ్యి తిరిగినవాడు. కళ్ళకి గంతలు కట్టినా తుపాకీ విప్పి మళ్ళీ బిగించేస్తాడు.

…

తెలుసు. తుపాకీ చేతికివ్వకపోతే స్టోర్లో బూట్లు సర్దుకుంటూ కూర్చోవాలి, లేదా ఉద్యోగం వదిలి పోవాలి. తెలిసే చేశాను.

…

చేతుల్లో తప్పేం లేదు. తూటాలుండే మ్యాగజైన్ ముందు తీశాడు, తర్వాతే బోల్టు లాగాడు. పొరపాటున పేలినా తూటా ఇసకలోకే పోయేలా గొట్టం ఇసక డ్రమ్ము వైపే పెట్టాడు. మీవాడు పోయిన రోజు చేసిన తప్పు ఒక్కటీ చెయ్యలేదు.

… ఆ, అదే. ఆ రోజు మ్యాగజైన్ ఉండగానే బోల్టు లాగాడు. ఒక తూటా బయటపడింది, ఇక ఖాళీ అనుకున్నాడు. ఇంకోటి లోపలికెళ్ళి కూర్చుంది. వాన పడుతోందని, డ్రమ్ము దగ్గర వరస పొడుగ్గా ఉందని, వరండాలోనే కానిచ్చేశారు. ట్రిగ్గర్ నొక్కితే ఆ తూటా మీవాడికే తగిలింది… ఇవన్నీ వాడే మీకు చెప్పుంటాడు.

…

మరి ఎందుకంటే… ఎలా చెప్పను. మాకో పద్ధతుందమ్మా. ఒకడు తుపాకీ ఖాళీ చేసి "ఖాళీ" అంటాడు. వెనక నిలబడ్డవాడు ముందుకొచ్చి, లోపల చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి, "చూశాను" అంటాడు. ఆ మాట వినపడ్డాకే మొదటివాడు ట్రిగ్గర్ నొక్కి చూసుకోవాలి, అందాకా దాని మీద వేలు పెట్టకూడదు.

… ఆ, చిన్నపిల్లల ఆటలాగే ఉంటుంది. ఆ ఆట మీదే ప్రాణాలుంటాయి.

పరీక్షలో ఆ వెనక నిలబడేది నేనే. వాళ్ళు "ఖాళీ" అన్నాక కావాలనే నోరు విప్పను.

— దొంగదెబ్బ కాదమ్మా, పరీక్షే అది. జవాబు రాకపోతే ఆగాలి. వెనక్కి తిరిగి అడగాలి.

… ఆగలేదు.

… తొందరపడి కాదు. తల కొంచెం పక్కకి వంచాడు… ఎవరో చెప్తుంటే విన్నట్టు. చిన్నగా నవ్వాడు కూడా. తర్వాత ట్రిగ్గర్ నొక్కేశాడు.

…

అడిగాను. చూశానని ఎవరన్నార్రా అంటే, మీరే కదా సార్ అన్నాడు. నేనన్లేదురా అన్నాను.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. ఈసారి వాడే చెప్పాడు, ఆ గొంతు ఎవరిదో… వద్దులెండి.

… వద్దమ్మా. మీకెందుకది.

…

తెలిసిపోయిందిగా. ఇంకా నా నోటితో ఎందుకు.

…

ఆ. మీవాడిదే.

…

అమ్మా? … ఉన్నారా? … ఏదైనా లాక్కుని కూర్చోండి.

…

లేదు, నాకు వినపళ్ళేదు. కానీ అబద్ధమెందుకు… ఇన్నేళ్ళుగా ఆ చోటే నిలబడుతున్నా. నా పక్కన ఇంకొకరున్నారేమోనని ఇవాళ మొదటిసారి తల తిప్పి చూశాను.

…

ఎలా అంటాడంటే… నవ్వుతూ, సాగదీసి అంటాట్ట. "చూశాఆఆను" అని.

… ఇంట్లోనూ అంతేనా? … తలుపు గడియ పెట్టావా అన్నా, పొయ్యి కట్టేశావా అన్నా…

… మంచం మీంచి లేవకుండానే. ఆ. తర్వాత మీరే లేచి చూసుకునేవారన్నమాట.

…

…

మీకే తట్టింది కాబట్టి దాచను. వెనకుండి చూడాల్సిన మీవాడు ఆ రోజు కూడా చూడలేదమ్మా. బెంచీ మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. తలెత్తకుండానే అనేశాడు. పొడుగోడంటే అంత గురి.

… "చూసే చెప్పాడు, తప్పంతా నాదే" అన్నాడా మీతో. అంటాడు. పోయినవాడి మీద మాట పడనివ్వడు వాడు.

…

పాస్ చేసేమంటే చేసేస్తా, సంతకం పెట్టడం ఎంతసేపు. రేపు వాడి తుపాకీ ముందు ఇంకో తల్లి కన్నబిడ్డ ఉంటాడు. వీడు "ఖాళీ" అంటాడు. మీవాడు "చూశాను" అంటాడు. అప్పుడేం చేద్దాం?

… క్షమించండి. చెట్టంత కొడుకుని పోగొట్టుకున్నవాళ్ళతో అనాల్సిన మాట కాదు.

…

ఆ గొంతు నిజం కాదని నేను చెప్పాను. పరీక్ష దగ్గరున్న డాక్టరూ చెప్పాడు. మా మాటలు వాడి తలకెక్కట్లేదు.

… మీరు చెప్తారా? … ఉండండి. ఒక పని చేద్దాం. వాడి దగ్గరికెళ్ళి ఫోన్ స్పీకర్లో పెట్టండి. తుపాకీ బదులు పట్టుకోడానికి గొడుగుందా ఇంట్లో? … చీపురైనా పర్లేదు.

…

ఒరే పొడుగూ, నేనేరా. లే. … గొడుగే. నవ్వులాట కాదు. గోడ వైపు పెట్టు. అమ్మ నీ వెనక నిలబడుతుంది. అమ్మా, మీరేం మాట్లాడకండి. ఊరికే నిలబడండి చాలు.

… ఊఁ. మ్యాగజైన్… బోల్టు… గట్టిగా అను, నాకు వినపడాలి.

… విన్నాను. ఖాళీ.

…

…

అమ్మా, ఏమన్నారు?

… "చూడలేదు" అన్నారా.

… వాడేం చేస్తున్నాడు? వేలు ఎక్కడుంది? దగ్గరికెళ్ళి చూసి చెప్పండి. … బయటే ఉందా. కదల్లేదా.

పొడుగూ, ఏం వినపడింది నీకు? … అమ్మ మాట. ఇంకా? … ఇంకేం లేదా? … సరే. గొడుగు దించు. కూర్చో. ఏడుపొస్తే ఏడువు, అక్కడెవరూ మార్కులు వెయ్యరు.

…

స్పీకర్ తీసేశారా అమ్మా. ఆగాడు. ఒక్కసారి ఆగితే పాసైనట్టు కాదు, మళ్ళీ పెడతా, మళ్ళీ మళ్ళీ పెడతా. కానీ ఇవాళ ఆగాడు. అది మీ వల్లే.

…

అమ్మా? … మరి మీరెందుకు ఏడుస్తున్నారు…

…

ఆ. మీవాడి గొంతు ఇక వాడికి వినపడకపోవచ్చు.

… అర్థమైంది. ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. వాడి చెవిలో ఉన్న ఆ కాస్తా మీ నోటితోనే…

… ఏడవండి. నేను లైన్లోనే ఉంటా.

…

…

అమ్మా, పొయ్యి మీద పాలు పెట్టానన్నారు. కట్టేశారా? … ఏమో అనకండి. కూర్చున్నచోటు నుంచి చెప్పకండి. లేచి వెళ్ళి చూడండి.

… ఎవరు వెళ్ళారు? పొడుగోడా?

…

ఏంటి? … ఏమన్నాడు వంటింట్లోంచి?

… సాగదీసి అన్నాడా. అచ్చం మీవాడిలాగే.

…

వెళ్ళి చూశాడా, అది చెప్పండమ్మా. … పొయ్యి కట్టేసి, గిన్నె దించాడా. మీ కళ్ళతో చూశారా.

… సరే.

… సరేనమ్మా. ఫోన్ మీరే పెట్టేయండి. నేను పెట్టను.