మిగిలిన డీజిల్‌కు తిరుగుదారి వేసిన మేస్త్రి గారు

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడో తేదీ సోమవారం ఉదయం మన నీటి సరఫరా శాఖ వర్క్‌షాపులో సహాయ మెకానిక్‌గా చేరిన మేస్త్రి గారికి ఆ రోజు అప్పగించిన మొదటి పని వాహనాలకు సంబంధించినదే కాదు. స్టోర్సు గది తలుపు బిగుసుకుపోతే సరిచేయమన్నారు. ఆయన తలుపు జోలికి పోకుండా, గడపలో పేరుకున్న మట్టిని గీకి తీశారు. తలుపు తెరుచుకుంది. ఆపైన ఏ బండిని ముట్టుకున్నా ఆయన పద్ధతి అదే.

మెకానిక్‌గా, సీనియర్ మెకానిక్‌గా, అనంతరం ఫోర్‌మన్‌గా ఆయన అంచెలంచెలుగా ఉన్నత బాధ్యతలు స్వీకరించారు. హోదా పెరిగినా బండి కిందికి దూరడం మానలేదు. ఇంజన్ శబ్దం వినేటప్పుడు కళ్లు మూసుకోవడం ఆయనకు అలవాటు కనుక, కొత్తగా వచ్చిన ఉద్యోగులు ఆయన కునుకు తీస్తున్నారని పొరబడేవారు. కొన్ని మధ్యాహ్నాలు అది పొరబాటు కాదని వారి శ్రీమతి గారి అభిప్రాయం.

ఆయన సేవాకాలంలో అందరూ తలుచుకునేది పాత ట్యాంకరు లారీ సంగతి. కొండ మీది ఆసుపత్రికి రోజూ మంచినీళ్లు చేరవేసే ఆ బండికి ఒక వేసవిలో మాయరోగం పట్టుకుంది. పెద్ద మలుపు ఎక్కేసరికి ఇంజన్ దడదడలాడి ఆగిపోయేది. దాన్ని నడిపేది మరెవరో కాదు, మేస్త్రి గారి బావమరిది. ఒక మధ్యాహ్నం బండి నిండు నీళ్లతో వెనక్కి జారి, రోడ్డు వారగా ఉన్న గోడకు ఆనుకుని నిలబడింది. బావమరిది గారు తాళాలు తెచ్చి మేస్త్రి గారి బల్ల మీద పెట్టారు.

“ఇక నా వల్ల కాదు బావా. నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టమని చెప్పు.”

“నిన్ను గేటు దగ్గర కూర్చోబెడితే, మీ అక్క నన్ను గేటు బయట కూర్చోబెడుతుంది.”

“నవ్వులాట కాదు. ఆ స్టీరింగు మీద మళ్లీ చేతులు వేయలేను.”

మేస్త్రి గారు ఇక నవ్వలేదు. ఆ చేతులకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది తానే. బండి పోతే ఇంకో బండి వస్తుంది. మనిషికి ఒకసారి పోయిన ధైర్యం ఎక్కడ దొరుకుతుందన్నదే ఆయన దిగులు.

బండిని తుక్కుకు పంపుదామన్న ఇంజనీరు గారిని ఆయన వారం గడువు అడిగారు. ఇంజనీరు గారు గడువుతో పాటు ఒక సలహా కూడా ఇచ్చారు: ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ ఒత్తిడి ఎంత పడిపోతోందో గేజి పెట్టి చూడమన్నారు. చూస్తే రోగం బయటపడింది. ఆ ఇంజన్‌కు డీజిల్ వెళ్లే దారే గాని, మిగిలింది వెనక్కి వచ్చే దారి లేదు. మిగిలిన డీజిల్ వేడి ఇంజన్ దగ్గరే నిలిచి కాగిపోతోంది. అందులో గాలి చిక్కుకుని, అవసరమైనప్పుడు ఇంజన్ నోరు ఎండిపోతోంది. మేస్త్రి గారు డీజిల్ వెళ్లే దారి చివర ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు ఒకటి అమర్చి, అక్కడి నుంచి మిగులు తిరిగి డీజిల్ ట్యాంకులో పడేలా గొట్టం వేశారు. ఒత్తిడి నిలకడగా నిలిచింది.

అయితే ఆ బండికి డీజిల్ ట్యాంకులు రెండు. పంపు డీజిల్ లాగేది ఎడమ దాని నుంచి. చేతికి అందింది కదా అని మేస్త్రి గారు తిరుగు గొట్టం బిగించింది కుడి దానికి. అది అప్పటికే నిండుగా ఉంది. పరీక్షకని బయలుదేరి, బావమరిదిని బతిమాలి పక్కన కూర్చోబెట్టుకుని, సంత వీధి దాకా వెళ్లారో లేదో, కూరగాయలమ్మే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏమయ్యా, మీ బండి అటు తాగి ఇటు కక్కుతోంది, చూసుకోరా?”

కుడి మూత చుట్టూ డీజిల్ కారుతోంది. ఎడమ ట్యాంకు వట్టిపోయి ఇంజన్ ఆగింది. బండి జారిన నాటి నుంచి ముభావంగా ఉన్న బావమరిది గారు మెట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. కారిన చోట ఇసుక చల్లాక, మేస్త్రి గారి చేతిలోని పానా లాక్కున్నారు.

“జరుగు బావా. నువ్వు చేసిన ఘనకార్యం చాల్లే.”

గొట్టాన్ని ఎడమ ట్యాంకుకు మార్చింది ఆయనే. మర్నాడు నీళ్లు నింపుకుని కొండ దారి పట్టినప్పుడు స్టీరింగు ముందు కూర్చున్నదీ ఆయనే. మేస్త్రి గారు పక్క సీటు ఎక్కారు. “బండి జారితే నువ్వెందుకు మధ్యలో, దిగు,” అని బావమరిది అన్నా వినలేదు. పెద్ద మలుపు దగ్గర సలహా చెప్పబోతే, “మాట్లాడకు బావా, వినబడట్లేదు,” అని బావమరిది గద్దించారు. ఇంజన్ శబ్దం మారలేదు. కొండ పైన నీళ్ల గొట్టం పట్టుకుని ఎదురుచూస్తున్న ఆసుపత్రి ఆయా, “ఇవాళ పెందలాడే వచ్చారే,” అని మాత్రం అంది.

తదనంతరం అదే రకం బండ్లన్నిటికీ తిరుగుదారి అమరింది. ఈ పదవీ విరమణ సంచికకు ఏమైనా చెప్పమని బావమరిది గారిని అడిగాం. “గొట్టం సంగతి సరే. ఆ రోజు బావ పక్కన కూర్చున్నాడు, అది రాయండి,” అన్నారు.

ఇన్నేళ్లు మన పక్కన కూర్చున్న ఆ మనిషి ఈ నెలాఖరు నుంచి తమ ఇంటివారికి పూర్తిగా దక్కబోతున్నారు. మేస్త్రి గారు, శ్రీమతి గారి సాహచర్యంలో, మనుమల అల్లరి మధ్య, ఏ నొప్పీ దరిచేరని దేహంతో, ఏ దిగులూ లేని మనసుతో, నిండు నూరేళ్లు హాయిగా జీవించాలని వర్క్‌షాపు పక్షాన మనసారా కోరుకుంటున్నాము.