అబ్బులు మావయ్య దాచుకున్న ఫ్రెంచి మాట

"ఒరేయ్ బంగార్రాజూ, ఆ హారన్ ఆపు. ఫ్రెంచివోడి భాషలో 'నా వల్ల కాదు' అనడానికి ఎన్ని మాటలున్నాయో తెలుసా నీకు? తెలీదు. తెలిస్తే ఆటో ఎందుకు తోల్తావు?"

అబ్బులు మావయ్య అలా మొదలెట్టేసరికి నాకు నీరసం వచ్చేసింది. అప్పటికి టైము పది. గోదారి గౌతమి పాయకి అవతల, యానాంలో, వాళ్ళమ్మాయి పావని కొడుక్కి పదకొండింటికి బారసాల. తాత తెచ్చే ఉయ్యాల్లోనే పిల్లాణ్ణి పడుకోబెట్టాలని అక్కడ అందరూ ఎదురు చూస్తున్నారు. ఆ ఉయ్యాల నా ఆటో మీద తాళ్ళతో కట్టి ఉంది. మావయ్యే స్వయంగా చేశాడు, తను నడిపిన పంటు చెక్కలతో.

ఇది రెండువేల రెండో సంవత్సరం మాట. వంతెన తెరిచి నెలన్నర అయింది. అంతకుముందు లారీలైనా, గేదెలైనా, పెళ్ళివారైనా ఎదుర్లంక రేవులో పంటు ఎక్కాల్సిందే. రెండు పడవలు జత చేసి, పైన చెక్కలు పరిచిన ఆ పంటుకి ఇరవై ఏడేళ్ళు అబ్బులు మావయ్యే సరంగు. వంతెన తెరిచిన రోజునే పంటు ఆగిపోయింది. ఆ రోజు నుంచీ మావయ్య అవతలి ఒడ్డు మొహం చూడలేదు. పుట్టిన మనవణ్ణీ చూడలేదు. చిట్టెమ్మత్తని ఒక్కదాన్నే పంపేశాడు.

రేవులో దుకాణాలన్నీ ఎత్తేశారు, వీరవేణి టీకొట్టు ఒక్కటే మిగిలింది. బల్ల మీద మావయ్య, పక్కన సాల్మన్ మాస్టారు. మాస్టారు మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు, బారసాలకి ఆయన్నీ పిలిచారు. మావయ్య అప్పటికి మూడో టీ తాగుతున్నాడు.

"మావయ్యా, దార్లో చెబుదువుగాని, లే" అన్నాను.

"ఉయ్యాల నువ్వు పట్టుకెళ్ళరా. నేను రేపొస్తాను."

"నాన్న రాకపోతే ఉయ్యాలా వద్దు, బారసాలా వద్దు అంది పావని. పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పింది."

మావయ్య వినపడనట్టు గ్లాసు ఊదుకున్నాడు.

"తొంభై నాలుగు, శ్రావణమాసం. గోదారి ఎర్రగా పొంగి ఉంది. ఓ ఫ్రెంచి దొర అమలాపురం నుంచి కారేసుకుని దిగాడండి. యానాంలో వాళ్ళ తాత సమాధి ఉందట, చూసుకుపోదామని వచ్చాడు. ఆరడుగుల మనిషి. పంటు మీద ఓ కాలు పెట్టాడు, నీళ్ళు చూశాడు, ఆ కాలు వెనక్కి తీసేసుకుని 'జు న పూ పా' అన్నాడు. మాస్టారూ, ఇంగ్లీషులో దాన్నేమంటారు?"

"ఐ కెనాట్."

"అదీ! మాస్టారే సాక్షి, ఆ రోజు పంటు మీదే ఉన్నారు."

"లేనయ్యా. ఆ శ్రావణమంతా నేను టైఫాయిడ్‌తో కాకినాడ ఆస్పత్రిలో ఉన్నాను."

"అందుకే మీకు గుర్తులేదు! జ్వరం మనిషికి ఏం గుర్తుంటాయి? సరే, దొర ఎక్కనంటున్నాడు. నేనేం చేశాను? భుజం పట్టుకుని నూకల బస్తా మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టాను. 'బాబూ, ఎదురు ఒడ్డు చూడకు, వదిలిన ఒడ్డు చూడు. అది చిన్నదయ్యే లోపు ఇది వచ్చేస్తుంది' అన్నాను. అంతే. మళ్ళీ మూత తెరిచేసరికి యానాం."

"మూతేంటి మావయ్యా?"

"కన్ను మూత. మధ్యలో అడ్డం రాకు. నడి గోదాట్లో అడిగాను, ఏమండీ దొరగారూ, ఈత వచ్చునా అని. 'జు న సే పా' అన్నాడు. అంటే తెలుసా? నాకు రాదు అని."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇంగ్లీషులో దానికీ ఐ కెనాట్ స్విమ్ అనే అంటామయ్యా. రెండూ ఒకటే."

"అదే మరి! ఇంగ్లీషువోడు రానిదాన్నీ, కానిదాన్నీ ఒకే సంచీలో పడేస్తాడు. ఫ్రెంచివోడూ మనమూ అలా కాదు. నీళ్ళెరగనోడు ఈత రాదంటాడు, వచ్చినోడు కాలు విరిగితే ఈదలేనంటాడు. ఆ తేడా తెలిసిన జాతి లోకంలో రెండే. ఆయ్! కలిసిపోయాం నేనూ దొరా. మా ఇంటి క్యారేజీ విప్పి యానాం రేవులోనే విస్తరేశాను. పులస పులుసు. మా చిట్టెమ్మ చెయ్యి సంగతి మీకు తెలుసుగా. మూడు ముద్దలు లాగించాడో లేదో గొంతులో ముల్లు. తియ్యి బాబూ అంటే 'ఆంకపాబుల్' అన్నాడు."

"ఇన్‌కేపబుల్" అన్నారు మాస్టారు, ఆయన్ని అడక్కుండానే.

"కదా! ఆ మాట వాళ్ళింటి నుంచి ఇంగ్లీషువోడు ఎత్తుకుపోయాడన్నమాట. ముల్లు నేనే తీశాననుకోండి. ఎలా తీశానంటే, ఓ పెద్ద అన్నం ముద్ద చేసి, దారం కట్టి, మింగించి లాగాను. ఒక ముల్లు కోసం వేస్తే పదకొండు వచ్చాయి. అందులో నాలుగు మన పులసవి కాదు, వాళ్ళ దేశం నుంచి తెచ్చుకున్నవి."

వీరవేణి పాలు కాస్తూ నవ్వింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. నిన్న మా కుర్రాడి వేల్లో పేడు తియ్యమంటే కళ్ళు కనపడవన్నావు బాబాయ్."

"ఎటకారాలొద్దే వేణీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రం తిరుగు పంటు. పైన రెండు కొబ్బరి లారీలు, నలభై గేదెలు, బ్యాండుమేళంతో సహా ఓ పెళ్ళివారు. నడి పాయలో గాలి తిరిగింది. మోకు తెగింది! ఓ చేత్తో చుక్కాని, ఓ చేత్తో దొర. మోకు పట్టుకుందామంటే చెయ్యేది? పళ్ళతో పట్టుకున్నాను. కాలితో లారీని ఆపాను. గేదెలు భయపడకుండా రెండో కాలితో తాళం వేస్తున్నాను, బ్యాండోళ్ళు వాయిస్తున్నారు."

"రెండు కాళ్ళూ అలా ఉంటే నించున్నది దేని మీద మావయ్యా?"

"ధైర్యం మీద! దొర నన్నిలా చూసి, చేతులు రెండూ వేలాడేసి 'ఆంప్విసాఁ' అన్నాడు. ఒంట్లో ఓపిక ఉండీ ఏం చెయ్యలేని మనిషి అనే మాట అది."

"పవర్‌లెస్" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో వెటకారం లేదు. ఎందుకో వంతెన వైపు చూశారు.

నేను గడియారం చూపించాను. పదీ పావు. మావయ్య ఇంకా గట్టిగా అందుకున్నాడు.

"దొర అన్న మాటలన్నీ నేను పంచాంగం అట్ట వెనక రాసుకున్నాను. అక్కడొచ్చింది చిక్కు. నేను ఏ మాట రాస్తే ఆ మాట వాడి నోట్లోంచి పోయేది! రాత పడింది కదా, ఇంకెక్కడికి కదుల్తుంది? చీకటి పడేసరికి వాడి దగ్గర ఒక్క మాట లేదు. పాపం, నోరు తెరుస్తాడు, గాలొస్తుంది. ఎస్టీడీ బూతుకి తీసుకెళ్ళి ప్యారిస్‌కి ఫోన్ కలిపాను. ఓ రెండు మాటలు పంపండీ అంటే, అవతలోడు ఏడుపు! అక్కడా పోయాయంట. పెద్ద పెద్ద నిఘంటువుల్లో ఆ పేజీలు తెల్లకాగితాలైపోయాయంట."

"ఓరి నాయనో" అన్నాను, ఎంత వద్దనుకున్నా.

"మరి దేశంలో 'నా వల్ల కాదు' అనే మాట లేకపోతే ఏమవుద్దో ఆలోచించావా? ఆఫీసుల్లో గుమాస్తా ఇవాళ కుదరదు అందామంటే మాట లేదు. పని చేసి పెట్టేశాడు! అత్తగారు అల్లుణ్ణి బీరువా మొయ్యమంది. మోశాడు. తొంభై ఏళ్ళ ముసలాయన్ని మనవలు టవరెక్కించారు. వద్దనడానికి మాటేదీ? నెల తిరిగేసరికి ఆ దేశంలో మిగిలిన పనంటూ లేదు, నిలబడ్డ మనిషంటూ లేడు. పని చెయ్యలేక కాదండీ బాబూ, చెయ్యలేమని చెప్పలేక చచ్చారు."

మాస్టారు ఈసారి పడీపడీ నవ్వారు. "అబ్బులూ, నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ సంగతి నాకు తట్టలేదయ్యా."

"ఆఖరికి ఆ దేశం పెద్దలే ఓడ వేసుకుని వచ్చారండి! గౌతమి సముద్రంలో కలిసే చోట, మొగలో, ఇసక మేటకి తగులుకుంది. నా పంటుకి మోకు కట్టి ఓడని ఈ రేవుకి లాక్కొచ్చాను. అప్పుడు చూడాలి రేవు! జామకాయలమ్మేవాళ్ళు, సోడాబండి, పూతరేకులు తెచ్చే అచ్చాయమ్మ, పంటు తప్పిపోతుందని పరిగెత్తుకొచ్చే కాలేజీ పిల్లలు. నేను గంట కొడితే అవతలి ఒడ్డున వినపడేది. ఎవరైనా రెండు నిమిషాలు ఆలస్యమైతే పేరెట్టి పిలిచి ఆపేవాణ్ణి. ఒక్క మనిషిని వదిలెయ్యలేదు నేను, తెలుసా? ఒక్క మనిషిని."

ఓడ సంగతి మర్చిపోయాడు. రేవు మెట్ల కేసి చూస్తున్నాడు. అక్కడ పంటు లేదు. ఎండలో రెండు గుంజలు, ఓ గొర్రెపిల్ల.

"మరి ఓడోళ్ళు?" అంది వీరవేణి మెల్లిగా.

"ఆఁ, ఓడోళ్ళు. ఇదే బల్ల మీద కూర్చున్నారు, కోట్లేసుకుని, పన్నెండు మంది. అబ్బులుగారూ, మా మాటలు మాకిచ్చెయ్యండి, మా ప్రజలు పోయేట్టున్నారు అన్నారు. మనది జాలి గుండె కదా. పంచాంగం చింపి ఇచ్చేశాను. అన్నీ ఇచ్చేశాను. ఒక్కటి తప్ప."

"ఏంటది?"

"'జు నాఁ పూ ప్లూ'."

మాస్టారు దాన్నీ ఇంగ్లీషులోకి తిప్పారు. "ఐ కాంట్ ఎనీ మోర్. అంతేనా?"

"అంతే. ఇన్నాళ్ళూ అయింది, ఇంక కాదు. దాన్ని దాచుకున్నాను. ఎప్పుడో అవసరపడుద్దని."

పాలు పొంగుతుంటే వీరవేణి స్టవ్ కట్టేసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి మావయ్య ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, ఆ దొర వచ్చాడో లేదో నాకు తెలీదు. వచ్చినా నువ్వు నూకల బస్తా మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టింది దొరని కాదు. నన్ను."

"నిన్నా?"

"ఎనభై ఎనిమిదిలో. పెళ్ళైన మూడోరోజు. మాది కోరుకొండ, నాకు కొండ తెలుసు గాని ఇంత నీళ్ళు తెలీదు. యానాం రేవులో మెట్ల మీద కూర్చుని నేను రానని ఏడుస్తుంటే మా అత్తగారు జుట్టు పట్టుకోబోయింది. నువ్వు దిగొచ్చి, ఎదురు ఒడ్డు చూడకమ్మా, వదిలిన ఒడ్డు చూడు అన్నావు. పంటుని అరగంట ఆపావు నా కోసం. పద్నాలుగేళ్ళబట్టి ఆ మాట నా దగ్గర ఉంది. దాన్ని దొరకిచ్చేస్తావా? దొరా లేడు, ఓడా లేదు. వంతెనంటే నీకు భయం. ఆ ఒక్కటీ చెప్పలేక పొద్దున్నించీ మమ్మల్ని ప్యారిస్ తిప్పుతున్నావు."

మావయ్య మొహం ఎర్రబడింది. "భయమా? నాకా? తుఫానులో పంటు దాటించినోణ్ణి! నోరు జారకు వేణీ!" అని లేచాడు. లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

"భయం కాదే" అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది. "నీళ్ళ మీంచి దాటాను ఇన్నాళ్ళూ. ఆ పైనుంచి చూస్తే నా రేవు అగ్గిపెట్టంత కనపడుద్ది. కింద ఎవరూ ఉండరు. అది చూడలేను. నా వల్ల కాదు."

తెలుగులోనే అన్నాడు. మావయ్య నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

"అక్కడ పిల్లాడు నీ ఉయ్యాల కోసం చూస్తున్నాడు బాబాయ్" అంది వీరవేణి. "ఒక్క మనిషిని వదిలెయ్యలేదన్నావు. వాణ్ణి వదిలేస్తావా?"

వీరవేణి నా వైపు తిరిగింది. "ఒరే, వెనకాల సామాన్ల పలక ఖాళీ చెయ్యి. అక్కడ కూర్చుంటే మొహం వెనక్కే ఉంటుంది, రేవుని వదలక్కర్లేదు." కొట్టులోంచి గోనె పట్టా తెచ్చి నాలుగు మడతలు వేసి తనే పరిచింది.

"నా మందు నాకే వేస్తున్నావటే" అన్నాడు మావయ్య.

"మంచి మందు. నాకు పనిచేసింది."

రేవు మెట్ల దాకా వెళ్ళి, దోసిట్లో నీళ్ళు తీసి తల మీద చల్లుకుని, గోదారికి దండం పెట్టుకుని వచ్చి ఎక్కాడు. పంటు ఎక్కే ముందు రోజూ చేసే పనే అది. ఓ చేత్తో ఆటో నెత్తి మీది ఉయ్యాల కోడు పట్టుకున్నాడు. వెనక సీటంతా సామాన్లే, మాస్టారు ముందు సీట్లో నా పక్కనే ఇరుక్కున్నారు.

వంతెన మీద నేను ఇరవైకి మించి పోనివ్వలేదు. అద్దంలో మావయ్య వీపే కనపడుతోంది. వెనక్కి తిరిగి ఎవర్ని పిలుస్తున్నాడో గాని పేర్లు వినపడుతున్నాయి. అచ్చాయమ్మ, సోడా సత్తిరాజు, కాలేజీ సూర్యకళ, వీరవేణి. ఒక్కో పేరూ నిదానంగా, పంటు బయల్దేరే ముందు పిలిచినట్టే పిలిచాడు. వంతెన దిగేసరికి ఆగిపోయాడు.

పదకొండుకి ఐదు నిమిషాలుంది. ఉయ్యాల దింపి, పంటు చెక్క మీద చెయ్యి వేసి ఓసారి నిమిరి, మనవణ్ణి ఎత్తుకుని తనే పడుకోబెట్టాడు. చిట్టెమ్మత్త కళ్ళొత్తుకుంది. పావని తండ్రి చెయ్యి వదల్లేదు.

"వంతెన ఎలా ఉంది నాన్నా? చాలా బావుందంటున్నారు అందరూ" అంది.

నేనూ మాస్టారూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇప్పుడు వంతెన మధ్యలో మొసలెక్కిందనో, విమానం దిగిందనో అంటాడని సిద్ధంగా ఉన్నాం. మావయ్య ఉయ్యాల ఊపుతూనే ఉన్నాడు.

"నేను వంతెన చూళ్ళేదమ్మా" అన్నాడు. "రేవు కనపడినంతసేపూ రేవే చూశాను."

జన్మలో ఆయన కోయని కోత అదొక్కటి. దానికి మాత్రం నేనే సాక్షి.