పదకొండో పిల్లరు

యూనివర్సిటీ గేటు ఎదుట, టీ బండి దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకాయన ఎస్టేట్ విభాగం ఇంజినీరు వంశీ, కడప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు, చేతిలో నోట్‌బుక్కు. రెండో ఆయన గేటు సెక్యూరిటీ కొమురయ్య, నలభై ఏళ్ల కిందట లోపలి పరిపాలనా భవనాన్ని కట్టిన చేతుల్లో ఆయనవీ రెండు. వంశీ అడుగుతున్నది ఒకటి, కొమురయ్య చెప్పాలని వచ్చింది ఇంకొకటి.

"అది కాదన్నా, నేనడిగింది పునాది ఏ సంవత్సరంలో వేశారని."

"ఎనభై నాలుగు సారూ. గదే జెప్తున్న. గా పిల్లరు..."

"పిల్లరు సంగతి తర్వాత. ఎనభై నాలుగు. శంకుస్థాపన ఎవరు చేసినారు?"

"ఎవలో పెద్దమనిషి. తెల్లబట్టలేసుకొని అచ్చిండు. రాయి మీద తాపీతోని ఇంత మాలు ఏసిండు, చెయ్యి కడుక్కొని పోయిండు. మిగిలిందంత మేమేసినం."

"ఆ ముక్క బోర్డు మీద రాయలేంలే."

"ఏం బోర్డు సారూ?"

"'మన పరిపాలనా భవనం, నలభై ఏళ్ల ప్రస్థానం' అని. పీఆర్వో సౌజన్య మేడం తయారు చేయిస్తాంది. వచ్చే నెల ఢిల్లీ నుంచి తనిఖీ కమిటీ వస్తాంది కదా, వాళ్లకు చూపించడానికి. అప్పుడు ఇక్కడ ఏముండేది?"

"ఏముంటది? గుండ్లు, సీతాఫలం చెట్లు. శేరిలింగంపల్లిల దిగి నడిచి వస్తుంటిమి. మందు పెట్టి గుండ్లు పేలిస్తె, గా రాయే పునాదిల వడ్డది. పునాది గట్టిది సారూ, దానికి ఢోకా లేదు. నేను జెప్పేది పిల్లరు ముచ్చట."

"బోర్డును సర్టిఫికెట్ల కౌంటర్ పక్క గోడకు పెడతారు. అందరికీ కనపడతాది."

"కౌంటర్ పక్కకా? పగులున్న కాడనా?"

"ఏం పగులు?"

"మా బిడ్డ అనూష కూసుంటది గద, దాని కుర్చీ ఎనుక. బొటనేలు దూరేంత పగులు. గా పిల్లరుకే సారూ."

"అది ప్లాస్టరింగ్ పగులన్నా. పైన రెండంతస్తుల పని జరుగుతాంది, మిషన్ల అదురుకు పగిలింది. అంతే."

"గిలాబు చేసింది నేను. నా చేతి గిలాబు నాకు తెల్వదా?"

"నలభై ఏళ్లయింది. నీ మోకాళ్లే పట్టు తప్పినాయి, గోడకేం తక్కువ?"

"నవ్వులాటకు గాదు సారూ. జర ఇనుండ్రి."

"టీ తాగు ముందు, చల్లారిపోతాంది. ఆ, కింది అంతస్తు ఎనభై నాలుగు. పైది?"

"తొంభై ఎనిమిది. అవుతల హైటెక్ సిటీల గుండ్రటి బిల్డింగు లేచిన ఏడు. మనది చిన్నగ కనవడుతున్నది, ఇంకో అంతస్తు ఎయ్యాలె అన్నరు. గప్పుడు గూడ జెప్పిన, పదకొండో పిల్లరు మీద బరువెయ్యద్దని. మేస్త్రి నోరు మూసుకోమన్నడు."

"అప్పుడేం కాలేదు కదా?"

"కాలే."

"మరి ఇప్పుడెందుకు అవుతాది?"

"మోసేటోడు మోస్తున్నడని బస్తా మీద బస్తా ఎత్తుతమా సారూ? ఉన్నదానికే ఒగురుస్తున్నది అది. దాని నెత్తి మీద ఇగ రెండు."

"సరే, చెప్పు. ఏమైంది ఆ పిల్లరుకు? రెండు నిమిషాల్లో చెప్పాల. మీటింగ్ ఉంది."

"ఎనభై నాలుగుల ఉన్న రిజిస్ట్రారు సారుకు ముహూర్తాల పిచ్చి. ఆషాఢం సొచ్చేలోపు స్లాబు పడాలె అని పానం తీసిండు. పదకొండో పిల్లరు నింపేనాడు ఒకటే వాన. సిమెంటు లారీ మూసాపేట కాడ ఆగిపాయె. ఉన్నదాంట్లనే సరిపెట్టు అన్నడు మేస్త్రి. ఐదు బస్తాల కాడ రెండు బస్తాలు. ఇసుక మాత్రం కడుపునిండ."

"నువ్వే నింపినావా?"

"నేనే. ఇరవై ఏండ్ల పోరగాణ్ణి. సెంట్రింగు పలకలు ఊడదీస్తె అన్ని బొక్కలు, తేనెతుట్టె తీరుగ. ఇనుప సలాకలు బయటికి కనవడుతున్నయి. ఇంజినీరు సారు జీపు వచ్చేలోపు గిలాబు చేసెయ్ అన్నడు మేస్త్రి. చేసిన. అద్దం లెక్క చేసిన. సారు అచ్చి చెయ్యి వెట్టి నిమిరి, శభాష్ అన్నడు."

"ఎవరికైనా చెప్పినావా ఇది?"

"మా ఇంటామెకు జెప్పిన, సత్తెమ్మకు. కడుపుల వెట్టుకొమ్మన్నది."

"మంచి మాట చెప్పింది."

"సారూ!"

"అరవొద్దు, అందరూ చూస్తాన్నారు. చూడన్నా, నువ్వు చెప్పేది పాత కథ. మొన్న టెస్టులు చేసినారు కదా. మిషన్ తెచ్చి, పిల్లర్లకు బెజ్జాలేసి, ముక్కలు తీసి ల్యాబుకు పంపినారు. అన్నీ పాస్. రిపోర్టు నేనే చూసినా."

"ఎన్నిటికి చేసిండ్రు?"

"ఆరింటికి."

"ఉన్నయెన్ని?"

"ఇరవై నాలుగు. ఆరు చాలన్నా. అన్నం ఉడికిందా లేదా అని కుండంతా పిసుకుతామా? ఒక మెతుకు పట్టి చూస్తాం."

"మెతుకు ఏరి ఇచ్చిందే నేను."

"ఏంది?"

"బిల్డింగు పాత నక్షాల కాయితాలు లేకపాయె. సెల్లార్ల నీళ్లొచ్చిన ఏడు అన్ని నానిపోయినయి. ఏ పిల్లరు ఎప్పుడు పడ్డదో ఎవలకు ఎరుక లేదు. కాంట్రాక్టరు కుమార్ సారు నన్ను పిలిచిండు. 'కొమురయ్యా, కట్టినోనివి నువ్వు, గట్టియి ఏవో చూపియ్యి' అన్నడు. చూపిచ్చిన. ఆరుకు ఆరు. మంచి ఎండల, మంచి మాలుతోని పడ్డ పిల్లర్లు."

"పదకొండు?"

"దాని దిక్కు పోనియ్యలే. టెస్టు అయ్యేదాక ముంగట బీరువా అడ్డం జరిపిన."

"ఎందుకట్లా చేసినావు?"

"ఏం జెప్పాలె సారూ."

"అడుగుతాన్నా కదా, చెప్పు."

"అనూష డిగ్రీ చేసి రెండేండ్లు ఇంట్ల కూసున్నది. మాదాపూర్‌ల అది తిరగని ఆఫీసు లేదు. ఊడ్చే పనికైతె రేపే రమ్మంటరు. ఇంగ్లీషు అడుగుతరు, అది తల వంచుకొని ఇంటికొస్తది. ఆఫీసుల మనుషులను పెట్టే కాంట్రాక్టు గూడ కుమార్ సారుదే. దీన్ని కంప్యూటర్ కాడ కూసోవెడతనన్నడు. కూసోవెట్టిండు. మాట తప్పలే."

"ఆ కౌంటర్‌లోనే కూర్చోబెడతాడని నీకు తెలీదా?"

"ఏడ కూసుంటదో నాకేం తెలుసు సారూ? మొదటిరోజు టిఫిన్ మర్చిపోతె ఇయ్యవోయిన. పదకొండో పిల్లరుకు వీపు ఆనిచ్చి కూసున్నది. నన్ను చూసి నవ్వింది. నా పానం అండ్లనే పోయింది."

"మానెయ్యమని చెప్పకపోయినావా?"

"జెప్పిన. 'నీకేమన్న పిచ్చా నాయినా, ఇంత చల్లగ ఏసీల కూసుంటున్న' అన్నది. ఎందుకు మానాలె అని అడిగింది. నీ నౌకరి కోసమే అబద్ధమాడిన బిడ్డా అని ఏ నోటితోని జెప్పాలె?"

"ఇప్పుడు నన్నేం చేయమంటావన్నా?"

"ఆపుండ్రి సారూ. పైన పని ఆపుండ్రి. పదకొండో పిల్లరుకు గూడ మిషన్ వెట్టి చూడుండ్రి. గంతే. నన్ను జైల్ల ఏసినా మంచిదే."

"ఎవరి మాట మీద ఆపాల?"

"నా మాట మీద."

"ఇదిగో నోట్‌బుక్కు. 'టెస్టు చేసేటోళ్లను నేనే తప్పుదోవ పట్టించినా' అని రాసి సంతకం పెట్టు."

"పెడత. కలం ఇయ్యుండ్రి."

"ఇస్తా. రాస్తే ఏమైతాదో అది కూడా విను. ముందు నీ డ్యూటీ పోతాది. సాయంత్రానికి అనూషది పోతాది. ముసలోడు ఏదో ఆశించినాడు, అందలేదని బురద చల్లుతాన్నాడు అంటాడు కుమార్. ఒక కమిటీ వేస్తారు. అది ఆర్నెల్లకు కూర్చుంటాది. ఈ లోపల స్లాబు పోసేస్తారు, ఆషాఢానికి ముందే."

"ఇప్పుడు గూడ ఆషాఢమేనా?"

"ఇప్పటి సార్ల దగ్గర కూడా పంచాంగం ఉందిలే."

"మీరు రాయుండ్రి సారూ. మీరు సదువుకున్నోళ్లు. మీ మాట ఇంటరు."

"నాదీ ఏడాదికోసారి పొడిగించే కొలువే అన్నా. పైగా ఆ రిపోర్టు కింద నా సంతకం ఉంది."

"మీదా?"

"నాదే."

"మరి ఎవలు ఆపుతరు సారూ?"

"ఎవరూ ఆపరు."

"ఎవలూ?"

"ఎవరూ. ముఖం అట్లా పెట్టొద్దు. నా చేతిలో ఉన్నది ఒకటి చేస్తా. అనూష సీటు మార్పిస్తా. వెనక రేకుల షెడ్డులో స్కానింగ్ పని పెట్టినారు. ఏసీ ఉండదు. కానీ నెత్తిన రేకు తప్ప బరువేం లేదు."

"ఎన్నడు?"

"రేపే."

"మరి గా కుర్చీల?"

"కావ్య అని కొత్తమ్మాయి చేరింది. ఆ పిల్ల కూర్చుంటాది."

"ఏ ఊరు ఆ పిల్లది?"

"నీకెందుకన్నా?"

"అయ్య ఉన్నడా ఆమెకు?"

"కొమురయ్యన్నా, మార్చమంటావా, వద్దంటావా? ఒక్క మాట చెప్పు."

"గా పిల్లను గూడ షెడ్డుల..."

"అందరినీ షెడ్డులో పెడితే కౌంటర్ ఎవరు చూస్తారు? ఒక్క సీటే ఖాళీ ఉంది. చెప్పు, నాకు టైమైతాంది. వద్దా మరి?"

"మార్చుండ్రి."

"అనూషనే కదా?"

"అనూషనే. మార్చుండ్రి సారూ. నా అసొంటి పాపిష్టోడు ఈ భూమ్మీద ఉండడు."

"ఏడవొద్దన్నా. నువ్వొక్కడివే కాదులే. వస్తా మరి."

"సారూ, సారూ. ఒక్క నిమిషం. మీ రూం గూడ పై అంతస్తుల గా పిల్లరు నెత్తి మీదనే గద? చిన్న పిల్లలున్నోళ్లు. మీరు గూడ జర పైలం."

"నాదా? టెస్టు మిషన్ తెచ్చిన రోజే నా టేబులు లైబ్రరీ బిల్డింగుకు మార్పించుకున్నాలే."