రంపానికి రెండు చివరలు

పక్షవాతంతో తమ్ముడికి మాట పడిపోయిందని తెలిసి, వడ్రంగి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చి గది తలుపు దగ్గరే ఆగిపోయాడు. తమ్ముడి భార్య బయటికి వచ్చింది.

“లోపలికి రండి బావగారూ.”

“ఏ మొహం పెట్టుకుని రానమ్మా? తలుపు చెక్క పొట్టిగా కోశాడని వాడితో మూడేళ్లు మాట్లాడలేదు. రోజూ రంపానికి ఆ చివర వాడు, ఈ చివర నేను.”

“ఒక్క మాట కూడా తూలలేదుగా మీరు.”

“అదే గొప్పనుకున్నాను. ప్రభువు దయవల్ల కోపాన్ని జయించానని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు.”

“పక్కనే కూర్చున్న మా ఆయన అనలేదు.”

“చూశాను.”

“ఇంటికొచ్చి, ‘అన్నయ్య ఆ రోజే నాలుగు తిట్టేసుంటే, సాయంత్రానికి కలిసి టీ తాగేవాళ్లం’ అన్నారు.”

“ఇప్పుడు నాకు మాటొచ్చిందమ్మా. వాడికి పోయింది.”

“చెవులు బాగానే ఉన్నాయి బావగారూ. ఆ తిట్లేవో ఇప్పుడైనా తిట్టండి.”

అతను లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుని తమ్ముడి చేయి పట్టుకున్నాడు.

“కొలత చూసుకోకుండా కోస్తావేంట్రా, వెధవా!” అన్నాడు.

తమ్ముడు నవ్వాడు. సగం మొహమే నవ్వింది.