పిలిస్తే రాని ఆవు: డాక్టర్ ఒతీలియా చపార్రో గారి ముప్పైమూడేళ్ళ కృషి

1991వ సంవత్సరం ఫిబ్రవరి నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, కాసనారే మైదానాలలోని మాతా రెదోందా పశు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ ఒతీలియా చపార్రో గారు, అవిచ్ఛిన్నమైన ముప్పైమూడేళ్ళ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు గుర్రం దిగుతూనే, ఒళ్ళంతా దుమ్ముతో, ఇచ్చిన కాఫీ అయినా ముట్టకుండా "ఆవులెక్కడ?" అని అడిగారట. ఆమెను గురించి రాయబూనితే కలం ఆగదు. రెండే పేజీలు కేటాయించిన సంచిక సంపాదకులపై మాకు కోపంగానే ఉంది.

నలభై దేశవాళీ పాడియావులు ఎదకొచ్చిన పూటను కనిపెట్టి వాటికి కృత్రిమ గర్భధారణ చేయించడం వారికి అప్పగించిన తొలి బాధ్యత. ఏడాది తిరిగేసరికి చూడి కట్టినవి తొమ్మిదే. వచ్చే వర్షాకాలం ముగిసేలోగా సగమైనా చూడి కట్టకపోతే మందను కబేళాకు అమ్మి ప్రయోగాన్ని మూసివేస్తామని రాజధాని నుండి ఉత్తరం వచ్చింది. వారు మేత మార్చారు, ఖనిజ లవణాలు పెంచారు, వీర్యం నిల్వచేసే పాత్రలను పదేపదే పరీక్షించారు. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే అదే.

మా మైదానాలలో పాలు పితికేవారు ప్రతి ఆవునూ పేరుపెట్టి, పాట కట్టి పిలుస్తారు. పిలుపు విన్న ఆవు తనంతట తానే దూడ దగ్గరికి నడిచివస్తుంది. పశువుల సహజ ప్రవర్తనకు భంగం కలుగుతుందని భావించిన ఒతీలియా గారు, చేరిన వారంలోనే పాటను నిషేధిస్తూ దొడ్డి తలుపుకు కాగితం అంటించి, పేర్ల స్థానంలో చెవులకు అంకెలు తగిలించారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఆమె పాట ఆపితే, కింది ఉద్యోగులు పలుపులతో ఈడ్చుకురావడం మొదలుపెట్టారు. ముప్పయ్యేళ్ళుగా అక్కడ పాలు పితుకుతున్న ఎవెలియో తుమాయ్ గారు మాత్రం మారుమాట్లాడలేదు.

వర్షాలు మొదలైన ఒక ఉదయం, ఓపిక నశించిన ఒతీలియా గారు ఆయన పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, మా వైపు పెద్దలను పిలిచే 'దోన్' అన్న మర్యాదతోనే అడిగారు.

"దోన్ ఎవెలియో, నేను రాకముందు ఏ ఆవు ఎదకొచ్చిందో ఎట్లా కనిపెట్టేవాళ్ళు?"

"కనిపెట్టడానికేముంది డాక్టరమ్మా. పేరుపెట్టి పాడితే అన్నీ వస్తాయి. రానిదేదో అదే ఎదకొచ్చినట్టు. ఆ పూట దానికి దూడా పట్టదు, నా పాటా పట్టదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నోరు మూసుకోమని కాగితం అంటించింది మీరేగా. మూసుకున్నా."

ఒతీలియా గారు లేచి వెళ్ళి ఆ కాగితాన్ని చించివేశారు. మర్నాడు ఉదయం ఆయన పాడారు. ముప్పైతొమ్మిది ఆవులు వచ్చాయి. అసుసేనా అనే ఎర్రావు ఒక్కటే దూరంగా నిలబడి, దూడ అరుస్తున్నా తల తిప్పలేదు. ఆ సాయంత్రమే దానికి గర్భధారణ చేశారు. అది చూడి కట్టింది. ఆపై ఏ ఉదయం ఏది రాకపోయినా ఆమె పరుగున వెళ్ళేవారు. వర్షాకాలం ముగిసేనాటికి చూడి కట్టినవి ఇరవైయేడు. అబ్బ, ఆ సంబరం ఇప్పటికీ మా ఒళ్ళు పులకింపజేస్తుంది.

అసలు పరీక్ష తరువాత ఎదురైంది. నివేదికలో తన నిషేధాన్నే మొదటి వైఫల్యానికి కారణంగా ఆమె రాయబోగా, ఆనాటి విభాగాధిపతి వారించారు.

"ఇది రాయకమ్మా, ఉద్యోగం ఊడుతుంది. ఎట్లాగూ గెలిచాం కదా, లవణాల లోపం సరిచేశామని రాసెయ్."

"అట్లా రాస్తే, ఇంకో కేంద్రంలో నాలాంటి తెలివిగలది ఇంకొకతె ఆవుల నోట్లో ఉప్పు కొడుతూ కూర్చుంటుంది సార్."

ఉన్నది ఉన్నట్టే రాశారు. పరిశోధనాపత్రంలో ఎవెలియో గారి పేరును తన పేరుకన్నా ముందు ఉంచారు. శిక్షగా రెండేళ్ళు పదోన్నతి ఆగింది. కానీ ఆ పత్రం చదివిన పదకొండు కేంద్రాలు తమ దొడ్లలో పాటను తిరిగి అనుమతించాయి.

1998లో వారు స్థాపించిన పశుప్రవర్తనా విభాగం, బెదిరించి పెంచిన పెయ్యలకన్నా నిమిరి పెంచినవి ముందుగా చూడి కడతాయని మా కేంద్రంలో నిరూపించింది. 2009లో ప్రత్యుత్పత్తి విభాగాధిపతి అయ్యాక, కొత్తగా చేరిన ప్రతి శాస్త్రవేత్తా మొదటి నెల పుస్తకం ముట్టకుండా పాలు పితకాలని శాసించారు. తిట్టుకుంటూ పితికినవారిలో ఈ వ్యాసకర్త ఒకరు. ఇంట్లో ఆమె అసహనాన్ని భరించిన భర్త రామీరో గారికీ, కుమార్తె యమీలె గారికీ మా కృతజ్ఞతలు.

నేడు మా దొడ్లలో నాలుగువందల పదహారు పశువులున్నాయి. అవన్నీ ఆ నలభై ఆవుల సంతతే. ఒక ఇరవైతొమ్మిదేళ్ళ యువతి ముక్కాలిపీట మీద కూర్చుని అడగడానికి సిగ్గుపడి ఉంటే, వీటిలో ఒక్కటీ పుట్టేది కాదు. ఒతీలియా గారూ, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి. మాకు తెలియనిది మరొకరిని అడిగే ధైర్యం మాలో ఉన్నంతకాలం, మీరు ఇక్కడ ఉద్యోగంలో ఉన్నట్టే.