చేతులు ఎనకకు కట్టుకున్న పిల్ల

ఉద్యమం కాదు మేడం, అదెక్కడి మాట? నర్సింగ్ రెండో సంవత్సరం పిల్లకు ఉద్యమం చేసే తీరికేడుంటది? స్వరూప చేతులు ఎనకకు కట్టుకుని నిలబడ్డదంటే అది నేను నేర్పిన చదువు. నాగేశ్వరి టీచర్ నేర్పిందని, ఈ దవాఖాన నర్సులకు పెద్ద మీరే కద, మీ కాయిదంల రాసుకోండ్రి.

వద్దు, కూసోను. నిలబడే చెప్త. జర వినుండ్రి.

నిన్న తెలంగాణ బంద్ కద. బస్సులు లేవు, కొండాపూర్ చౌరస్తల టైర్లు కాలబెట్టిన్రు. మీ స్టాఫ్ నర్సులు సగం మంది రాలే. రెండో అంతస్తు వార్డంత ఒక్క సిస్టర్ మీద పడ్డది. ఆమెను నేను తప్పువట్టను, పాపం పొద్దటిసంది చాయ్ చుక్క తాగలే. సుబ్బరాయుడు సారు బెడ్డు కాడ పొటాషియం మందు స్వరూప చేతిల పెట్టి, ఇది ఎక్కించు అని ఇంకో పేషంటు కాడికి ఉరికింది.

స్వరూప ఆ మందు ఎన్నడు ఇయ్యలే. సెలైన్‌ల కలిపి మెల్లగ ఎక్కియ్యాల్నా, సూదితోని సీదా నరంల గుచ్చాల్నా, తెల్వది. సీదా గుచ్చితే ఏమైతదో మీకు నేను చెప్పాల్నా మేడం? గుండె ఆగిపోతది.

అందుకే మందు ట్రేల పెట్టింది. చేతులు ఎనకకు కట్టుకున్నది. సిస్టర్, నాకిది తెల్వదు అన్నది. వార్డుకు తోలుకొచ్చిన మొదటి దినమే నేను చెప్పే పాఠమిది. తెల్వనిది ముట్టకు, చేతులు ఎనకకు కట్టు, గట్టిగ చెప్పు.

చేతులెందుకు కట్టాలె అంటరా? భయమైతే చేతులు ఊకుండయి మేడం, ఏదో ఒకటి చేసేస్తయి. మీరు కూడా చదువుకునేటప్పుడు వార్డుల భయపడే ఉంటరు కద?

హేమంత్ సారు, సుబ్బరాయుడు సారు కొడుకు, అద్దం అవతల నిలబడ్డడు. మాట ఇనబడలే, కట్టుకున్న చేతులే కనబడ్డయి. బయట ఆఫీసులల్ల సహాయ నిరాకరణ నడుస్తున్నది, టీవీల పొద్దుమాపు అదే ముచ్చట. ఇక్కడ చూస్తే తెలంగాణ పిల్ల చేతులు కట్టుకుని నిలబడ్డది. మేము కడపోళ్లమని మా నాయనకు మందియ్యదా అని లొల్లి పెట్టిండు. తండ్రి మంచంల ఉంటే ఎవలికైనా అట్లనే తోస్తది. ఆయన మీద నాకేం కోపం లేదు.

మీరు కూడా గట్లనే అనుకున్నరు సూడు, అదే నాకు మింగుడుపడ్తలేదు. మీది కడప అయితేంది, నాది జనగామ అయితేంది, మనిద్దరం నర్సులమే కద.

తెల్సు. పైనోళ్లు ఒక పేరు అడుగుతున్నరు. స్వరూపను పంపిస్తే సల్లబడ్తరు, లేకుంటే మా కాలేజీ పిల్లలందరికి గేటు బంద్. కని వార్డు డ్యూటీలు చెయ్యకపోతే ఆ పిల్లను పరీక్షకు కూసోనియ్యరు. వాళ్లమ్మ పుప్పాలగూడల అపార్ట్‌మెంట్లు ఊడ్చుకుంట చదివిస్తున్నది. మీ కాళ్లు మొక్కమన్నా మొక్కుత మేడం. నా పేరు రాయుండ్రి. టీచర్ పోతే ఇంకో టీచర్ వస్తది.

ఏమన్నరు? ఆ చేతులు కట్టుకునుడు ఒక్కటి మాన్పిస్తే అందరు ఉండొచ్చా?

మాన్పియ్యాల్సిన పని లేదు మేడం. పిల్లలే మానుకున్నరు.

నిన్న స్వరూపను మీరు అందరి ముందల తిట్టిన్రు కద, మిగిలిన పిల్లలు చూసిన్రు. ఇయ్యాల పొద్దుగాల ఇంకో సిస్టర్ మా పిల్లనొకదాన్ని పిలిచి, సూది చేతికిచ్చి, ఒక ముసలమ్మను చూపెట్టి, పోయి చెయ్యి అన్నది. ఆ మందు గురించి నేనింక చెప్పనే లేదు. పిల్ల సూదిని ట్రేల పెట్టబోయి ఆగింది. నా దిక్కు చూసింది.

నేను కిటికీ దిక్కు తిరిగిన.

అవును మేడం, నేనే. ఆగు బిడ్డా అనే మాట గొంతు దాక వచ్చింది. ఇంకో లొల్లి అయితే అందరిని ఎల్లగొడ్తరని భయమైంది. మల్ల ఇటు తిరిగేసరికి పిల్ల మందు ఇచ్చేసింది.

ఏం కాలే. ఉరికిపోయి కేస్ షీట్ చూసిన, మందు సరిగ్గనే పడ్డది. నాడి పట్టి పక్కనే కూసున్న. ఆ ముసలమ్మ ఇడ్లీ తినుకుంట నన్నే అడుగుతున్నది, ఏంది బిడ్డా గిట్ల చెమటలు వట్టినయి అని. సిస్టర్ అయితే మా పిల్ల భుజం తట్టి, శభాష్, గిట్లుండాలె అన్నది. పిల్ల నవ్వింది. నేను బాత్రూంల పోయి ఏడ్చిన.

ఇగ పంపించేది నన్నే కద. స్వరూపను ఉండనియ్యుండ్రి. ఇయ్యాల సూది ఇచ్చిన పిల్ల పేరు మాత్రం అడగకుండ్రి, చెప్పను. ఆ పిల్ల నా దిక్కు చూసి, అడగాల్సినోళ్లనే అడిగింది మేడం. జవాబు ఇచ్చింది నేను.