ఎలకల గారెలు

బెంగాల్లోని ఖరిదాలో రైల్వే వర్క్‌షాపు ఉద్యోగి సిరిల్ ఇల్లు. వంటింట్లో అతని తల్లి దేవమణి, భార్య షైని. గుమ్మంలో కూతురు ఏంజలిన్. వాకిట్లో ఆటో ఆగి ఉంది.

"మళ్ళీ ఒకసారి చెప్పు అత్తా. ఎలకల మందు గారెల్లో కలిపినావు. అటక మీద పెట్టడానికి చేసినావు. మరి బల్ల మీద ఎందుకున్నాయి?"

"ఆరబెట్టినాను. సుర్రుమని కాలేది పెడితే ఎలక తింటాదేటి?"

"ఈ గారె కొరికుంది. సూడు, ఇవి ఎలక పళ్ళు కావు."

"సూసినాన్లే."

"నేనొచ్చేసరికి ఏంజలిన్ పళ్ళెం దగ్గరే నిలబడుంది. తిన్లేదంటంది. ఐదేళ్ళ పిల్ల, కొడతానని భయపడి అబద్ధమాడతంది."

"గుంట అబద్ధమాడదు. అది తిన్నేదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

"ఎలా తెలుసంటన్నాను."

"అన్నీ అడగకు షైనీ. ఉండు, పాలు కాస్తాను. పాలు తాగితే విషం విరిగిపోద్ది."

"పొయ్యి ముట్టుకోకు. పాలొద్దు."

"పోనీ ఉప్పునీళ్ళు. గొంతులో వేలెట్టి కక్కిస్తే..."

"వద్దంటే వినవేటి? కక్కించకూడదు. పైకొచ్చేటప్పుడు గొంతు కాలిపోద్ది, ఊపిరితిత్తుల్లోకి పోయినా పోద్ది. నోరు కడిగించినాను, చాలు. మిగతాది డాక్టరు చూసుకుంటాడు. ప్యాకెట్టేది?"

"ఏ ప్యాకెట్టు?"

"మందు ప్యాకెట్టు అత్తా. ఆసుపత్రిలో ముందు అదే అడుగుతారు. ఏ మందో తెలిస్తేనే దానికి తగ్గ వైద్యం."

"సెత్తబుట్టలో పడేసినాను. దాని మీదంతా బంగ్లా రాతే. నేనేటి సదవగలను?"

"ఇంట్లో చదివేవాళ్ళం ఇద్దరం లేమా? ఆగు, ఉత్త చేత్తో తియ్యకు. ఈ కవరు తొడుక్కో. ప్యాకెట్టూ ఈ గారే ఇంకో కవర్లో వెయ్యి. సబ్బుతో చేతులు కడుక్కో. ఏ ముకుట్లో వేయించినావు?"

"మన ముకుట్లోనే."

"మనం తినేదాంట్లోనా?"

"కడిగెట్టినాను కదే. ఉత్త పిండి ముట్టుకోవడం నేదని ఎండురొయ్యలు దంచి కలిపినాను. నీ పెళ్ళిసీర కొరికేసినాయని ఏడిసింది నువ్వు కాదా?"

"ఏడిసినాను. ఎలకలకి విందు చెయ్యమన్నానా? ఒక బోను కొనమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను. ఆ రొయ్యల వాసనకి పిల్ల రాదా మరి?"

"షైనీ."

"ఏటి?"

"కొంచెం తింటే ఏటవుద్ది?"

"కొంచెమైనా ఆసుపత్రికి ఎళ్ళాల్సిందే."

"ఇప్పుడేటీ అవనేదనుకో. కొంచెం కడుపులో తిప్పుతంది, అంతే అనుకో."

"ఇప్పుడు బాగున్నట్టే ఉంటాది. రెండు మూడు రోజులు పోయినాక లివరు పాడవుద్ది, రక్తం కారుద్ది. అప్పుడేడిసి లాభమేటి? ఆగాగు. కడుపులో తిప్పుతందని ఏంజలిన్ నీతో అందా?"

"అననేదు."

"మరెవరన్నారు?"

"ఎవలూ అననేదు. ఆ ఆటోని పంపీ. వీధంతా సూస్తన్నాది. సర్చిలో తెలిస్తే నవ్వుతారు."

"నవ్వనీ. పిల్లకేమైనా అయితే ఆ నవ్వేవాళ్ళు తెచ్చిస్తారా? విసుగొచ్చేసింది అత్తా నీతో. ఒక్క మాటకీ తిన్నగా జవాబు చెప్పవు. నీకు పరువు కావాల, పిల్ల అక్కర్లేదు. ఆటో దాదా, రుకియే, ఆతే హై, వచ్చేస్తన్నాం. ఏంజలిన్, చెప్పులేసుకో."

"గుంటని వొదిలీ. అది రానక్కర్నేదు."

"మరెవరు రావాల? నువ్వా?"

"నేనే. మింగినాక గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు క్రిస్మస్ విందులకీ పెళ్ళిళ్ళకీ వండినాను షైనీ, ఎలకలకైనా సరే, ఉప్పు సూడకుండా వాయి దించడం నాకు రాదు."